హైడన్ ఆరో సింఫనీని 20 మంది వాయిస్తే: శుక్రవారం కచేరీ మీద నా అభిప్రాయం

శుక్రవారం రాత్రి ఒక ఛాంబర్ ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్ళొచ్చాను. మొదటి సగంలో 18వ శతాబ్దపు స్వరకర్త హైడన్ ఆరో సింఫనీ, విరామం తర్వాత మొజార్ట్ 29వ సింఫనీ. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసే పెద్ద రచన. నేను వెళ్ళింది మాత్రం హైడన్ కోసమే. రికార్డింగుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదటిసారి. ముందే చెప్పేస్తాను, ఆదివారం ఇదే కార్యక్రమం మళ్ళీ ఉంది, వీలుంటే తప్పకుండా వెళ్ళండి. కొన్ని విషయాలు మనసుకు కష్టంగా అనిపించాయి, అవి కూడా దాచకుండా రాస్తాను.

ఛాంబర్ ఆర్కెస్ట్రా అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో 80, 90 మంది ఉంటారు. ఇక్కడ నేను లెక్కపెట్టాను, మొత్తం 20 మంది. మొదటి వయొలిన్లు నాలుగు, రెండో వయొలిన్లు నాలుగు, వయోలాలు రెండు, చెల్లోలు రెండు, డబుల్ బాస్ ఒకటే. ఊదే వాద్యాల్లో ఒక ఫ్లూట్, రెండు ఓబోలు, ఒక బసూన్, రెండు హార్న్‌లు, మధ్యలో హార్ప్సికార్డ్ అనే పాతకాలపు కీబోర్డ్ వాద్యం. కండక్టర్ లేరు. మొదటి వయొలిన్ వాయించే ఆవిడే భుజంతో, ఊపిరితో అందరినీ నడిపించారు. చెల్లోలు, బాస్, కీబోర్డ్ వాళ్ళు తప్ప మిగతావాళ్ళంతా నిలబడే వాయించారు. ఇంత తక్కువ మంది ఉన్నప్పుడు దాక్కోవడానికి చోటుండదు. ఒక్కరి శ్రుతి కాస్త జారినా వినిపిస్తుంది, ఒక్కరు బాగా వాయించినా అంతే స్పష్టంగా వినిపిస్తుంది. ఈ సింఫనీకి సరిగ్గా అదే కావాలి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1761 మే 1న హైడన్ ఎస్టర్‌హాజీ ప్రభువుల దగ్గర ఉద్యోగంలో చేరాడు. అప్పటికి ఆయన వయసు 29. ప్రభువు పేరు పాల్ ఆంటన్, కొలువు ఆస్ట్రియాలోని ఐజెన్‌స్టాట్‌లో. ఉద్యోగ ఒప్పందం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. యూనిఫాం వేసుకోవాలి, తెల్ల మేజోళ్ళు తొడుక్కోవాలి, రోజూ మధ్యాహ్నానికి ముందొకసారి, తర్వాతొకసారి వెళ్ళి ఈ రోజు సంగీతం ఉందా లేదా అని కనుక్కోవాలి, వాద్యకారుల మధ్య గొడవలొస్తే తీర్చాలి, తను రాసిన సంగీతాన్ని బయటివాళ్ళకు ఇవ్వకూడదు. పైన గ్రెగోర్ వెర్నర్ అనే పెద్దాయన కపెల్‌మైస్టర్‌గా, అంటే కొలువు సంగీతాధికారిగా ఉన్నాడు, హైడన్ ఆయన కింద ఉపాధికారి. అంటే కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు, చేతి కింద మంచి అనుభవమున్న కళాకారులు, పైన గమనించే ప్రభువు. ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అలాంటి మొదటి ఏడాదిలోనే ఆయన మూడు సింఫనీలు రాశాడు: ఆరు, ఏడు, ఎనిమిది. వాటి పేర్లు ఫ్రెంచిలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. రోజులోని వేళల మీద రాయమని ప్రభువే సూచించాడని చెబుతారు. వాటిలో హైడన్ చేసిన పని ఏంటంటే, ఆ చిన్న బృందంలో దాదాపు ప్రతి ఒక్కరికీ ఒంటరిగా వాయించే చోటు రాసిపెట్టాడు. వయొలిన్ లుయీజీ తొమసీనికి, చెల్లో జోసెఫ్ వైగల్‌కి, ఫ్లూట్‌కి, బసూన్‌కి, హార్న్‌కి, ఆఖరికి డబుల్ బాస్‌కి కూడా. ఈ మూడు సింఫనీల్లోనూ మినుయెట్ అనే నాట్యపు భాగం మధ్యలో బాస్‌కి సోలో ఉంటుంది. బాస్ వాయించేవాళ్ళని అడగండి, సింఫనీల్లో వాళ్ళకి అలాంటి అవకాశం ఎంత అరుదో చెబుతారు. ఆ తర్వాత రెండేళ్ళకి హైడన్ ఆ వాద్యం కోసం ఒక కచేర్టో (ఒక సోలో వాద్యానికి ఆర్కెస్ట్రా తోడుండే రచన) కూడా రాశాడు. అది పోయింది, ఆయన సొంత జాబితాలో మొదటి కొద్ది స్వరాలు మాత్రమే మిగిలాయి. వైగల్ కోసం రాసిందనే చెల్లో కచేర్టో కూడా ఇలాగే పోయిందనుకున్నారు కానీ 1961లో ప్రాగ్‌లో ప్రతి దొరికింది. బాస్ కచేర్టో కూడా ఎక్కడో ఒక అటక మీంచి బయటపడితే బాగుండునని నాకు ఎప్పుడూ ఉంటుంది.

సరే, శుక్రవారానికి వస్తాను.

సింఫనీ సూర్యోదయంతో మొదలవుతుంది. నెమ్మదిగా సాగే ఆరే ఆరు బార్లు (తాళం ఆవర్తనాల్లాంటివి). మొదటి వయొలిన్లు వినీ వినిపించనట్టు మొదలుపెడతాయి, ఒక్కో వాద్యం వచ్చి చేరుతుంది, చివరికి వెలుగంతా ఒక్కసారి పరుచుకున్నట్టు ఆర్కెస్ట్రా మొత్తం గట్టిగా మోగుతుంది. మొత్తం నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషంలో సగం నాకు తలుపు చప్పుడే వినిపించింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళని నిర్వాహకులు సరిగ్గా అప్పుడే లోపలికి వదిలారు, నా వెనక వరసలో కుర్చీలు టపటపా దిగాయి, ఎవరో ఎవరికో సీటు నంబరు చెబుతున్నారు. ఇదెంత బాధనిపించిందో చెప్పలేను. వేరే ఏ సింఫనీ అయినా ఒక నిమిషం పోతే పర్వాలేదు, దీంట్లో పోయిన ఆ నిమిషం మళ్ళీ రాదు, ఆ సూర్యోదయం తిరిగి ఇంకెక్కడా వినిపించదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని మొదటి భాగం అయిపోయాక లోపలికి పంపితే చాలు, ఆ గ్యాప్ ఎలాగూ ఉంటుంది. ఇంటర్వెల్‌లో అక్కడున్న ఒకాయనకి ఈ మాట చెప్పాను, ఆయన శ్రద్ధగానే విన్నారు, ఆదివారం మారుస్తారేమో చూడాలి.

ఆ తర్వాత అలెగ్రో, అంటే వేగంగా సాగే భాగం. పాటని ఫ్లూట్ మొదలుపెడుతుంది, ఓబోలు అందుకుంటాయి. ఇక్కడ వాయించినాయన చెక్క ఫ్లూట్ తెచ్చారు. లోహపు ఫ్లూట్‌లో ఉండే మెరుపు దీంట్లో లేదు, గొంతులో కొంచెం పొడిదనం, గాలి సవ్వడి, దగ్గరగా కూర్చుని మాట్లాడుతున్నట్టుగా ఉంది. నాకు చాలా నచ్చింది. వేగం కూడా సరిగ్గా కుదిరింది. ఈమధ్య కొన్ని బృందాలు పాత సంగీతమంటే పరుగు పందెంలా వాయించడం చూస్తున్నాను, వినడానికి ఉత్సాహంగానే ఉంటుంది కానీ చిన్న చిన్న జవాబులన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. వీళ్ళు ఆ తప్పు చెయ్యలేదు, ఓబో అడిగితే వయొలిన్ చెప్పడం, వయొలిన్ ఆపితే హార్న్ అందుకోవడం ఇదంతా కంటికి కనిపిస్తున్నంత స్పష్టంగా వినిపించింది.

ఈ భాగంలో నేను ఎదురుచూసింది ఒక్క చోటు కోసం. మొదటి పాట తిరిగి రావాల్సిన సమయంలో, ఫ్లూట్ కన్నా రెండు బార్లు ముందే హార్న్ ఒంటరిగా ఆ పాట మొదలుపెట్టేస్తుంది, తొందరపడి ముందే వచ్చేసినట్టు. తర్వాత ఫ్లూట్ వచ్చి అసలు పాటని అందుకుంటుంది. నలభై ఏళ్ళు దాటాక బేతోవన్ తన మూడో సింఫనీలో ఇలాంటి పనే చేస్తే, మొదటి రిహార్సల్‌లో ఆయన శిష్యుడు రీస్ హార్న్ వాయించేవాడు తప్పు వాయించాడనుకుని విసుక్కున్నాడట. హైడన్ 1761లోనే ఆ సరదా చేసేశాడు. శుక్రవారం హార్న్ వాయించినావిడ తన వంతు ధైర్యంగా, శుభ్రంగా వాయించారు. పైగా వాళ్ళవి పాతకాలపు హార్న్‌లు, మీటలుండవు, పెదవులతో, హార్న్ వెడల్పాటి నోట్లో పెట్టిన చేత్తో మాత్రమే స్వరాలు తియ్యాలి, ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం పగిలిపోతుంది. పగల్లేదు. కానీ దాని ముందు ఉండాల్సిన చిన్న విరుపు లేదు, వయొలిన్లు తమ వాక్యం చివరని పూర్తిగా తగ్గించకుండానే హార్న్ వచ్చేసింది. పక్కన కూర్చున్న నా స్నేహితుడికి అసలు ఆ సంగతి తెలియనే లేదు. తెలిసుంటే కచ్చితంగా నవ్వేవాడు. ఒక్క ఊపిరంత చోటిస్తే సరిపోయేది.

రెండో భాగం గురించి ఎంత రాసినా తక్కువే. గాలి వాద్యాలన్నీ ఇక్కడ మౌనం. తీగ వాద్యాలు ఒక్కో మెట్టు ఎక్కుతూ ఒక మామూలు సరిగమని చాలా మెల్లగా వాయిస్తాయి. చాలామంది దీన్ని స్వరాల పాఠంలా వింటారు, పిల్లలు వరసగా నిలబడి నేర్చుకుంటున్నట్టు, ఇంతలో సోలో వయొలిన్ లోపలికి వచ్చి ఇలా పాడాలి అని చూపించినట్టు. నేనూ ఇన్నాళ్ళూ అలాగే విన్నాను. శుక్రవారం మాత్రం వేరేగా తోచింది. వాళ్ళు ఆ స్వరాలని వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) లేకుండా, విల్లుని తీగ మీద బరువు పెట్టకుండా లాగారు. ఒక్కో స్వరం కింద ఇంకో స్వరం చేరి కాసేపు రాపిడి పడి మళ్ళీ సర్దుకుంటుంటే, ఇది పాఠం అనే ఊహే పోయింది. హాలంతా కదలకుండా కూర్చుంది. ఆ తర్వాత మధ్యలో కాస్త నడక అందుకునే ఆండాంటేలో వయొలిన్, చెల్లో ఇద్దరే ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటే, చెల్లో వాయించిన కుర్రాయన కళ్ళు పుస్తకం మీద లేవు, పూర్తిగా ఆవిడ విల్లు మీదే ఉన్నాయి. ఆవిడ ఒకచోట కాస్త ఆగి లాగారు, ముందే అనుకున్నది కాదేమో అనిపించింది, ఆయన ఆ ఆగడాన్ని అలాగే పట్టుకుని తన జవాబులో మళ్ళీ ఇచ్చారు. రికార్డింగులో ఇది దొరకదు. ఇల్లు చేరేవరకు నా తలలో తిరిగింది ఆ రెండు మూడు సెకన్లే.

హార్ప్సికార్డ్ గురించి ఒక మాట. హైడన్ సింఫనీల్లో అది ఉండాలా వద్దా అన్నది పండితుల మధ్య ఎప్పటినుంచో ఉన్న వాదన, లేకుండానే వాయించేవారు అనేవాళ్ళ వైపే నా మొగ్గు. ఇక్కడ వాయించినాయన చాలా సంయమనంతో వాయించారు, అందరూ కలిసి వాయించే చోట్ల అసలు వినపడలేదు, పర్వాలేదు. కానీ ఈ నెమ్మది భాగంలో ఆ స్వరాలు సాగుతున్నప్పుడు మధ్యమధ్యలో టింగుమని ఒక తీగ మోగితే, నీళ్ళ మీద చిన్న గులకరాయి పడ్డట్టు అనిపించింది. అక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది.

మొదటి భాగం అవ్వగానే నాలుగైదు వరసల్లోంచి చప్పట్లు వచ్చాయి, వెంటనే ఇంకొందరు ష్‌ష్ అని వాళ్ళని ఆపారు. చప్పట్లు కొట్టినవాళ్ళు పాపం కుంచించుకుపోయారు. దయచేసి ఇలా చెయ్యకండి. భాగాల మధ్య చప్పట్లు కొట్టకూడదన్న నియమం ఈ సంగీతం పుట్టిన కాలంలో లేనే లేదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ వాయిస్తుంటే మొదటి భాగం మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ సంతోషంగా తండ్రికి ఉత్తరం రాశాడు. నెమ్మది భాగం తర్వాత నిశ్శబ్దం దానంతటదే వస్తుంది, శుక్రవారం అలాగే వచ్చింది కూడా, ఎవరూ ఎవరినీ అదమాయించాల్సిన పని లేకపోయింది. మొదటిసారి వచ్చి ఇష్టంతో చప్పట్లు కొట్టినవాళ్ళని సిగ్గుపడేలా చేస్తే వాళ్ళు రెండోసారి రారు.

ఇక మూడో భాగం, మినుయెట్. మొదట నాట్యం నడక, ఫ్లూట్‌కి మంచి చోటు, అందరూ హాయిగా వాయించారు. అసలు సంగతి మధ్యలో వచ్చే ట్రియో. స్వరం ఒక్కసారి డి మైనర్ అనే దిగులు ఛాయ ఉన్న స్వరశ్రేణిలోకి మారుతుంది, వెలుగున్న గదిలోంచి నీడలోకి వెళ్ళినట్టు. బసూన్, డబుల్ బాస్ ముందుకొస్తాయి. మామూలుగా అన్నిటికంటే కింద ఉండి మిగతావాళ్ళని మోసే రెండు వాద్యాలు. బాస్ వాయించినాయన వయసు అరవై దాటి ఉంటుంది, వెనక మూలన ఒక ఎత్తు స్టూలు మీద కూర్చున్నారు, అప్పటిదాకా నేను ఆయన్ని గమనించనే లేదు. ఆ పెద్ద వాద్యంలో పై స్వరాలు శుభ్రంగా రావడం ఎంత కష్టమో, తీగ ఎంత మందంగా ఉంటుందో, వేళ్ళు ఎంత దూరం జరగాలో! ఆయన దాన్ని కష్టంలా చూపించలేదు, బరువైన మనిషి తేలిగ్గా నడిచినట్టు వాయించారు. రెండోసారి అదే వాక్యం వచ్చినప్పుడు ఇంకా చిన్నగా, దాదాపు గొణిగినట్టు వాయించారు, బసూన్ వెంటనే తన గొంతు తగ్గించుకుంది. రాత్రంతా నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ ట్రియోనే. 1761లో ఆ మూలన నిలబడ్డ మనిషికి కొత్త ఆఫీసరు రాసిచ్చిన ఆ కాగితం చేతికందినప్పుడు ఎలా అనిపించి ఉంటుందో అనుకుంటూ విన్నాను.

చివరి భాగంలో ఫ్లూట్ ఒక స్కేలుని పైకి పరుగెత్తిస్తుంది, ఇంకో వాద్యం దాన్ని అందుకుంటుంది, అలా ఆట మొదలవుతుంది. సోలో వయొలిన్‌కి ఇక్కడ వేళ్ళు విరిగేంత పని, ఆవిడ అదరగొట్టారు. రెండు చోట్ల వయోలాలు కాస్త వెనకబడ్డట్టు అనిపించింది, పెద్ద విషయమేం కాదు, రెండే ఉన్నాయి కాబట్టి తెలిసింది. మొత్తం సింఫనీ 25 నిమిషాల లోపే అయిపోయింది.

ఇక్కడే నాకు ఎక్కువ బాధ కలిగింది. చప్పట్లు మోగుతుంటే మొదటి వయొలిన్ ఆవిడ ముందుకొచ్చి నమస్కరించారు, తర్వాత ఫ్లూట్, చెల్లో వాళ్ళని చెయ్యి చూపించి ముందుకి పిలిచారు, మంచిదే. తర్వాత అందరూ కలిసి ఒకసారి వంగి లోపలికి వెళ్ళిపోయారు. హార్న్ ఆవిడకి, బసూన్ వాయించినామెకి, బాస్ వాయించిన పెద్దాయనకి విడిగా చప్పట్లు దక్కలేదు. వేరే సింఫనీ అయితే నేను ఈ మాట ఎత్తేవాణ్ణే కాదు. ఒక్కొక్కరి కోసం ఒక్కో చోటు రాసిన సింఫనీ ఇది, ఆ చోటుని అంత బాగా వాయించినవాళ్ళని పేరుపేరునా నిలబెట్టడానికి ఇంకో నిమిషం పట్టేది, అంతే. కార్యక్రమం పుస్తకం ఇంటికొచ్చి తిరగేశాను, అందులో కూడా సోలో వయొలిన్ ఆవిడ ఫోటో, పరిచయం ఒక పేజీ నిండా ఉన్నాయి, మిగతావాళ్ళంతా చివరి పేజీలో చిన్న అక్షరాల జాబితా. ఏ భాగంలో ఎవరి సోలో వస్తుందో ఒక్క ముక్క రాయలేదు. రాసుంటే నా స్నేహితుడు హార్న్ కోసం చెవులు రిక్కించి కూర్చునేవాడు.

మొజార్ట్ 29 గురించి తొందరగా చెప్పేస్తాను. 1774లో, 18 ఏళ్ళ వయసులో రాశాడు, రెండు ఓబోలు, రెండు హార్న్‌లు, తీగ వాద్యాలు, అంతే. బాగా వాయించారు, మొదటి భాగం మొదట్లో ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందికి దిగే ఆ వాక్యాన్ని ప్రాణం పెట్టి మెల్లగా మొదలుపెట్టారు. హార్న్‌ల వాళ్ళు విరామంలో తమ గొట్టాలు మార్చుకుని వచ్చారు, ఎందుకంటే హైడన్ సింఫనీకి ఆధార స్వరం డి, దీనికి ఏ, ఇంకా పైన వాయించాలి. చివరి భాగంలో ఆ హార్న్‌లు పైకి దూకుతుంటే ఒళ్ళు పులకరించింది. కానీ నిజం చెప్పాలంటే నా మనసు అప్పటికి సగం డి మైనర్ ట్రియోలోనే ఉండిపోయింది.

వెళ్ళేవాళ్ళకి ఉపయోగపడే మాటలు కొన్ని. ఒక పావుగంట ముందే లోపల కూర్చోండి, ఆ మొదటి నిమిషం పోగొట్టుకోవద్దు. వెళ్ళే ముందు ఇంట్లో ఒకసారి సింఫనీ మొత్తం వినండి, హార్న్ ముందే వచ్చే చోటు ఎక్కడో చూసుకోండి. మరీ ముందు వరస వద్దు, వయొలిన్లే వినిపిస్తాయి. మేం ఎడమవైపు ఐదో వరసలో కూర్చున్నాం, అక్కడినుంచి బాస్ బాగానే వినిపించింది కానీ చేతులు కనిపించలేదు, చెల్లో అడ్డం వచ్చింది. చంటిపిల్లలతో వచ్చేవాళ్ళు మాత్రం ఆలోచించుకోండి, నెమ్మది భాగంలో చిన్న దగ్గు కూడా హాలంతా వినిపిస్తుంది. సీట్లు సౌకర్యంగానే ఉన్నాయి, మెట్ల దగ్గర వెలుతురు తక్కువ.

కచేరీ అయ్యాక బయట నిలబడి ఉంటే బాస్ వాయించిన పెద్దాయన తన వాద్యాన్ని చిన్న చక్రం మీద తోసుకుంటూ వచ్చారు. ట్రియో చాలా బాగుందండీ అని చెప్పాను. ఆయన ఆగి, రెండోసారి వచ్చినప్పుడు మరీ చిన్నగా వాయించానా, వెనక వరసలకి అందిందా అని అడిగారు. మేం కూర్చున్న చోటికి అందిందని చెప్పాను, మరీ వెనక సంగతి నాకు తెలియదన్నాను. ఆదివారానికి మళ్ళీ టికెట్ తీసుకున్నాను, ఈసారి కుడివైపు, చివరి వరసలో.